పశువైద్యుల సభలో బయటివాళ్లు

బర్రెకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెడతాం. ఆ డాక్టరే తప్పు చేస్తే..? తప్పో ఒప్పో తేల్చే పెద్దలెవరు? వాళ్లను ఎన్నుకోవాల్సిందెవరు? బ్రిటన్ పశువైద్యులు ఈ ప్రశ్నలతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నారు. 42 మంది ఉన్న సభను 24కి తగ్గించడానికే వాళ్లకు ఏళ్లూ పూళ్లూ పట్టింది. అసలు పేచీ మాత్రం ఇంకా తెగలేదు!

ఐర్లండ్‌లోని టిప్పరరీలో 1868లో ఓ పెద్దింట్లో పుట్టింది ఆలీన్ కస్ట్. పశువైద్యం చదవాలని పట్టుబట్టింది. ఆడపిల్ల గుర్రాలకూ పశువులకూ వైద్యం చేయడమేంటని అందరూ ముక్కున వేలేసుకునే రోజులవి. ఇంట్లోవాళ్లకు తలవంపులు రాకూడదని ఇంటిపేరు కూడా మార్చుకుని ఎడిన్‌బరోలోని పశువైద్య కళాశాలలో చేరింది. క్లాసులో ఆమెకు ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిందల్లా పరీక్ష దగ్గరే.

ఆ పరీక్ష పెట్టేది కళాశాల కాదు. లండన్‌లోని ‘రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్’. పేరులో కాలేజీ ఉన్నా అక్కడ పాఠాలు చెప్పరు. అది పశువైద్యుల సభ. ఎవరు డాక్టరో ఎవరు కాదో తేల్చే అధికారం దానిదే. 1897లో ఆ సభ పాలకమండలి ఆలీన్‌ను పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆమె ఎడిన్‌బరోలో కోర్టుకెక్కింది. సభ ఉన్నది లండన్‌లో కాబట్టి ఈ కేసు మా పరిధిలోకి రాదు పొమ్మన్నారక్కడ.

చదువంతా పూర్తిచేసినా పట్టా లేదు. అయినా ఆమె ఆగలేదు. ఐర్లండ్ వెళ్లి రాస్‌కామన్‌లో ఒక పశువైద్యుడికి సహాయకురాలిగా చేరింది. ఆమె పనితనం చూసి గాల్వే జిల్లా పాలకులు పశువైద్య ఇన్‌స్పెక్టరుగా తీసుకున్నారు. ఆమె మా రిజిస్టరులో లేదంటూ లండన్ సభ అడ్డం పడింది. చివరికి రాజీ ఎలా కుదిరిందో తెలుసా? పని అదే... హోదాలో ‘పశువైద్య’ అన్న మాట మాత్రం తీసేశారు!

1919లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఆడవాళ్లన్న కారణంతో ఏ వృత్తిలోకీ రానివ్వకపోవడం కుదరదంది. అప్పుడు గానీ తలుపు తెరుచుకోలేదు. 1922 డిసెంబరులో ఆలీన్ చేతికి పట్టా వచ్చేసరికి ఆమె వయసు 54. బ్రిటన్‌లో మొట్టమొదటి మహిళా పశువైద్యురాలు ఆమే. ఇవాళ అక్కడి పశువైద్యుల్లో సగానికి పైగా ఆడవాళ్లే.

ఆ తలుపు లోపలివాళ్లు తీయలేదు, బయటి నుంచి పార్లమెంటు తోస్తే తెరుచుకుంది. అప్పట్లో పాలకమండలి సభ్యులు పశువైద్యులే, వాళ్లను ఎన్నుకునేవాళ్లూ పశువైద్యులే. లోపల ఏమి జరుగుతోందని అడిగేందుకు బయటివాళ్లు ఒక్కరు కూడా లేకపోతే ఏమవుతుందో ఆలీన్ జీవితమే చెబుతుంది.

రాణిగారి పట్టా

ఈ సభ కథ 1844 మార్చి 8న మొదలైంది. ఆ రోజు విక్టోరియా రాణి పేరిట ఓ రాజపత్రం వెలువడింది. పశువైద్యం కూడా ఒక వృత్తేనని, ఆ వృత్తిలోవాళ్లు తమ మంచిచెడ్డలు తామే చూసుకోవచ్చని దాని సారాంశం. లండన్‌లో పశువైద్య కళాశాల 1791లోనే పెట్టారు. కానీ అక్కడ చదివి వచ్చినవాడికీ, లాడాలు కొడుతూ గుర్రాలకు మందులిచ్చేవాడికీ తేడా జనానికి తెలిసేది కాదు. తేడా చూపించమని పట్టుబట్టి సాధించుకున్నదే రాజపత్రం.

కాగితం వచ్చినంత మాత్రాన పలుకుబడి వస్తుందా? 1881లో చట్టం వచ్చాకే ‘వెటర్నరీ సర్జన్’ అన్న పేరు రిజిస్టరులో ఉన్నవాళ్లకే సొంతమైంది. 1948 చట్టంతో వైద్యం కూడా వాళ్లే చేయాలన్నారు. ఇప్పుడు నడుస్తున్నది 1966 నాటి చట్టం. రిజిస్టరు నిర్వహించేదీ, కళాశాలల చదువు సరిగా ఉందో లేదో చూసేదీ, డాక్టర్లు ఎలా నడుచుకోవాలో నియమావళి రాసేదీ, తప్పు చేస్తే శిక్షించేదీ... అన్నిటికీ ఈ సభే పెద్ద దిక్కు.

డాక్టరు అని పిలిపించుకోవడానికి కూడా దీని అనుమతి కావాలి మరి! మన పల్లెల్లో ‘పశువుల డాక్టరుగారు’ అనడానికి ఎవరూ ఎవరినీ అడగరు. బ్రిటన్‌లో మాత్రం పశువైద్యులు పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోవడానికి పాలకమండలి పచ్చజెండా ఊపింది 2015లో.

రాసేదీ వాళ్లే... తీర్పూ వాళ్లదే!

1966 చట్టంలో ఒక మెలిక ఉండిపోయింది. డాక్టరు మీద ఫిర్యాదు వస్తే మొదట ప్రాథమిక విచారణ కమిటీ చూస్తుంది. నిజమనిపిస్తే క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. మందలించాలా, కొన్నాళ్లు సస్పెండ్ చేయాలా, రిజిస్టరు నుంచి పేరు కొట్టేయాలా అన్నది క్రమశిక్షణ కమిటీ ఇష్టం. పేరు పోతే బతుకుదెరువు పోయినట్టే. ఈ రెండు కమిటీల్లోనూ కూర్చునేది ఎవరంటే... పాలకమండలి సభ్యులే. నియమావళి రాసిందీ వాళ్లే, నేరం మోపేదీ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే!

సభ్యులు మంచివాళ్లు కాదని కాదు. తమ వృత్తి మీద వాళ్లకున్న ప్రేమను ఎవరూ శంకించలేదు. కానీ కుక్కను పోగొట్టుకుని ఫిర్యాదు చేసినావిడకు ఎదురుగా కనిపించేది డాక్టర్ల గుంపు. ‘వీళ్లంతా ఒకటే’ అనుకోదూ? అటువైపు డాక్టరు బాధ డాక్టరుది. తనను విచారిస్తున్నవాళ్లలో నిన్నటి ఎన్నికల్లో తను ఓటు వేయనివాళ్లు కూడా ఉండవచ్చు. ఇద్దరికీ నమ్మకం కుదరదు.

ఈ మెలికను విప్పింది 2013లో. ప్రభుత్వం ఓ ఉత్తర్వు ద్వారా చట్టాన్ని సవరించింది. పాలకమండలిలో ఉన్నవాళ్లు ఆ కమిటీల్లో కూర్చోకూడదు. వృత్తికి సంబంధం లేని బయటివాళ్లు కూడా అందులో ఉండాలి. చెప్పుకోవడానికి చిన్న మార్పే. కానీ రాజపత్రం వచ్చిన 169 ఏళ్లకు సాధ్యమైన మార్పు!

ఇంత చేసినా సామాన్యుడి గోడు పూర్తిగా తీరలేదు. ఎందుకంటే క్రమశిక్షణ కమిటీ దాకా వెళ్లాలంటే డాక్టరు చేసింది మామూలు పొరపాటు అయితే సరిపోదు. వృత్తికే అప్రతిష్ఠ తెచ్చేంత ఘోరమై ఉండాలన్నది చట్టంలోని మాట. చేయి జారి ఆపరేషన్ కొంచెం అటూ ఇటూ అయిందనో, బిల్లు తడిసి మోపెడైందనో అంటే ఆ కమిటీ పట్టించుకోదు. ఇలాంటివాటిని కూర్చోబెట్టి మాట్లాడించడానికి తర్వాత ఒక మధ్యవర్తిత్వ సేవ పెట్టారు. అదీ ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే.

నలభై రెండు కుర్చీలు

విచారణ సంగతి అలా ఉంచితే, అసలు పాలకమండలి సంగతేంటి? అందులో 42 మంది. 24 మందిని డాక్టర్లు ఓట్లేసి ఎన్నుకుంటారు. ఒక్కో పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరిద్దరు. నలుగురిని ప్రభుత్వం తరఫున ప్రివీ కౌన్సిల్ పంపుతుంది. చట్టం రాసిన కాలంలో ఇది బాగానే ఉండి ఉంటుంది. కానీ కొత్త విశ్వవిద్యాలయం వచ్చినప్పుడల్లా రెండేసి కుర్చీలు పెరుగుతూ పోతాయి. అంతమంది ఒకచోట కూర్చుంటే చర్చలు సాగుతాయి తప్ప నిర్ణయాలు తెమలవు. మన పెళ్లిళ్లలో మాటాముచ్చటకు పాతికమంది పెద్దలు వెళితే ఏమవుతుందో తెలిసిందేగా!

సంఖ్య కంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. జంతువుల ఆసుపత్రికి వెళితే రోగిని మొదట పట్టుకునేది, సెలైన్ ఎక్కించేది, రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది వెటర్నరీ నర్సులు. వాళ్లు పాటించాల్సిన నియమాలు రాసేది ఈ సభే. అందులో చట్టప్రకారం వాళ్లకు ఒక్క కుర్చీ కూడా లేదు. పెంపుడు జంతువుల యజమానుల వైపు నుంచి మాట్లాడేవాళ్లకూ హక్కుగా చోటు లేదు.

మార్చాలన్న మాట కొత్తది కాదు. 1966 చట్టాన్ని సమూలంగా మార్చడంపై 2003లోనే ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది. 2008లో పార్లమెంటు కమిటీ కూడా విచారించింది. కొత్త చట్టం మాత్రం రాలేదు. పశువైద్యుల సభ కోసం సమయం కేటాయించడం ఏ ప్రభుత్వానికి మాత్రం ముఖ్యం? ఓట్లు రాలే వ్యవహారం కాదాయె! అందుకే పక్కదారి వెతికారు. పాత చట్టాల్లోని భారాలను తగ్గించేందుకు పూర్తిస్థాయి బిల్లు లేకుండా మంత్రులు ఉత్తర్వుతోనే సవరించే వీలు 2006 నాటి మరో చట్టంలో ఉంది. విచారణ కమిటీలను మార్చింది ఆ దారిలోనే. పాలకమండలిని మార్చిందీ అలాగే, 2018లో.

కొత్త లెక్క ఇదీ: మొత్తం 24 మంది. ఎన్నికైన డాక్టర్లు 13, బయటివాళ్లు ఆరుగురు, విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి ముగ్గురు, నర్సులు ఇద్దరు. 2018 నుంచి మూడేళ్లలో దశలవారీగా కుర్చీలు తగ్గించుకుంటూ వచ్చారు.

ఆ 13 ఎక్కడినుంచి వచ్చిందో గమనించారా? 24లో సగం 12. దాని మీద ఒకటి. బయటివాళ్లు రావొచ్చు, నర్సులు రావొచ్చు, కానీ ఓటింగుకు పెడితే ఎన్నికైన డాక్టర్ల మాటే నెగ్గాలి. వృత్తి మీద పెత్తనం చేజారిపోతుందేమోనన్న భయానికీ, మారక తప్పదన్న ఒత్తిడికీ మధ్య కుదిరిన బేరం ఆ ఒక్క కుర్చీ.

మనుషుల డాక్టర్ల అనుభవం

ఆ భయం ఉత్తదేం కాదు. పక్కింట్లో జరిగింది వాళ్లు కళ్లారా చూశారు. మనుషుల డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో ఒకప్పుడు 104 మంది ఉండేవారు. అక్కడా ఎన్నికైన డాక్టర్లదే హవా. మాంచెస్టర్ దగ్గర్లోని హైడ్ పట్టణంలో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు తన పేషెంట్లనే చంపుతూ వచ్చాడు. 15 హత్యలు రుజువై 2000 జనవరిలో శిక్ష పడింది. తర్వాత జరిగిన న్యాయవిచారణ, అతని చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 250 దాకా ఉంటారని తేల్చింది.

ఆ విచారణ జరిపిన జస్టిస్ జేనెట్ స్మిత్ 2004 చివర్లో ఇచ్చిన నివేదికలో మెడికల్ కౌన్సిల్‌ను కడిగేశారు. అది పేషెంట్ల కంటే డాక్టర్ల వైపే ఎక్కువగా చూస్తోందని తప్పుపట్టారు. డాక్టర్ల ఓట్లతో గెలిచినవాళ్లు డాక్టర్ల మీద కఠినంగా ఎలా ఉండగలరన్నది అందరినీ ఆలోచింపజేసింది. 2003లోనే 35కి తగ్గిన సభ్యుల సంఖ్య 2009లో 24 అయింది. అందులో సగం మంది డాక్టర్లు కానివాళ్లే. ఎన్నికలు ఎత్తేసి అందర్నీ నియమించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సంఖ్యను 12కు కుదించారు.

ఒక హంతకుడి వల్ల ఒక వృత్తి ఓటుహక్కు పోయిందని కొందరు డాక్టర్లు నొచ్చుకుంటారు. పోయినవాళ్ల కుటుంబాలకు ఆ మాట ఎలా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. పశువైద్యుల విషయంలో అలాంటి ఘోరమేదీ జరగలేదు. అందుకే అక్కడ మార్పు నెమ్మదిగా, నత్తనడకన వచ్చింది. 2018 తర్వాతా ఎన్నికలు నిలిచాయి.

డాక్టరు ఒకరు... యజమాని వేరొకరు

అయితే ఈలోగా నేల కింద నీళ్లు కదిలాయి. ఇదివరకు పశువైద్యుడంటే సొంతంగా ఆసుపత్రి పెట్టుకున్నవాడే. బోర్డు మీద పేరు ఎవరిదో లోపల డాక్టరూ ఆయనే. డాక్టరును అదుపులో పెడితే ఆసుపత్రి అదుపులో ఉన్నట్టే. ఇప్పుడలా కాదు. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ లెక్క ప్రకారం 2013లో పెద్ద కంపెనీల చేతిలో ఉన్న జంతువుల ఆసుపత్రులు నూటికి 10. పదేళ్లు తిరిగేసరికి దాదాపు 60!

మరి 1966 చట్టం ఎవరిని అదుపు చేస్తుంది? రిజిస్టరులో పేరున్న మనిషిని. ఆసుపత్రి నడిపే కంపెనీ దానికి కనబడదు. ఫీజులు ఇంతని నిర్ణయించేది, ఏయే పరీక్షలు చేయించాలో పద్ధతులు పెట్టేది పైనున్న యాజమాన్యం కావొచ్చు. తేడా వస్తే సభ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సింది మాత్రం జీతానికి పనిచేసే డాక్టరు. ఆసుపత్రులకూ సభ ఒక ప్రమాణాల పథకం పెట్టింది. ఇష్టమున్నవాళ్లు చేరొచ్చు, లేనివాళ్లు మానొచ్చు.

2023 సెప్టెంబరులో ఆ పోటీ సంస్థ పశువైద్య రంగంలోకి తొంగి చూసింది. చెప్పుకోండంటే 56 వేల స్పందనలు వచ్చిపడ్డాయి. 2024 మేలో పూర్తిస్థాయి దర్యాప్తు మొదలైంది. 2016 నుంచి 2023 దాకా ఫీజులు సగటున 63 శాతం పెరిగాయని తేలింది. 2025 అక్టోబరులో ప్రకటించిన తాత్కాలిక నిర్ణయాల్లో ఆసుపత్రులు ధరల పట్టిక బయటపెట్టాలని, చట్టాన్ని ఆసుపత్రులకూ వర్తింపజేయాలని చెప్పింది. నిజానికి సభ 2021లోనే ఆసుపత్రులను కూడా తన పరిధిలోకి తెచ్చే కొత్త చట్టం కావాలని అడిగింది.

ఇక్కడే అసలు చిక్కు. అంత పెద్ద అధికారం చేతికి రావాలంటే దాన్ని పట్టుకునే చేతులు ఎవరివని జనం అడుగుతారు. పెద్ద పెద్ద కంపెనీలను అదుపు చేయాల్సిన సభలో డాక్టర్లు ఎన్నుకున్న డాక్టర్లదే పైచేయి అయితే ఒప్పుకుంటారా?

ఎన్నికలు వద్దన్న ఎన్నికైన సభ

2024లో పాలకమండలే ఓ సంచలన ప్రతిపాదన తెచ్చింది. పాలకమండలికి ఎన్నికలు ఎత్తేద్దాం, అర్హతలు చూసి స్వతంత్ర పద్ధతిలో నియమిద్దాం, బయటివాళ్ల వాటా పెంచుదాం అంటూ డాక్టర్లనూ నర్సులనూ జనాన్నీ అభిప్రాయం అడిగింది. ఎన్నికై వచ్చినవాళ్లే ఎక్కువమంది ఉన్న సభ ఎన్నికలు వద్దనడం! వినడానికే విచిత్రం కదూ...

వాళ్ల వాదన సూటిగా ఉంది. మేం డాక్టర్ల ప్రతినిధులం కాము, జనం తరఫున డాక్టర్లను చూసుకునేవాళ్లం. డాక్టర్ల హక్కుల కోసం కొట్లాడేందుకు బ్రిటిష్ వెటర్నరీ అసోసియేషన్ వేరుగా ఉంది. ఓట్లు అడిగి గెలిచిన మనిషిని చూసి ‘మన తరఫున గెలిచాడు’ అనుకోవడం సహజం. అది అభ్యర్థికీ ఇరకాటమే, సభకూ ఇరకాటమే.

ఎదురు వాదనా తేలిగ్గా తీసిపారేసేది కాదు. సభ నడిచేది డాక్టర్లు ఏటేటా కట్టే ఫీజులతో. డబ్బులు మావి, బతుకులు మావి, ఓటు మాత్రం వద్దా? కొండ ప్రాంతంలో అర్ధరాత్రి వానలో గొర్రెకు కాన్పు చేసే డాక్టరు కష్టం ఇంటర్వ్యూలో నెగ్గి వచ్చినవాళ్లకు తెలుస్తుందా? నియమించేవాళ్లను ఎవరు నియమిస్తారు? ఈ చివరి ప్రశ్నకు ఇంతవరకూ ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు.

ఓటుహక్కు కోసం వాదించేవాళ్లను ఇబ్బంది పెట్టే నిజం ఒకటుంది. ఇటీవలి ఎన్నికల్లో ఏ ఏడాదీ నూటికి ముప్ఫై మంది కూడా ఓటేయలేదు!

నర్సులకు రెండు కుర్చీలైతే వచ్చాయి గానీ, వాళ్ల పేరుకే రక్షణ లేదు. 2015లో కొత్త రాజపత్రం వాళ్లను గుర్తించింది. అయినా ‘వెటర్నరీ నర్స్’ అన్న మాటను చట్టం కాపాడటం లేదు. ఏ చదువూ లేనివాళ్లు ఆ పేరు పెట్టుకున్నా అడ్డుకోవడం కష్టం. 1881కి ముందు డాక్టర్లు ఎక్కడున్నారో నర్సులు ఇప్పుడు అక్కడున్నారు.

మన దగ్గర సంగతి

లండన్‌లో వాళ్లేదో కొట్టుకుంటే మనకేంటి అనుకోవద్దు. తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో పశువైద్యం చదివి బ్రిటన్‌లో ప్రాక్టీసు పెట్టాలనుకునే తెలుగు కుర్రాళ్లు రాయాల్సిన పరీక్ష ఈ సభదే. అది గట్టెక్కకపోతే ఇక్కడి పట్టా అక్కడ చెల్లదు.

మన దేశంలో ఆ పాత్ర భారత పశువైద్య మండలిది. దానికి ఆధారం 1984 నాటి చట్టం. ఇక్కడ మొదటి నుంచీ కలగాపులగమే. దేశమంతటి నుంచి డాక్టర్లు ఓట్లేసి పంపేది 11 మందిని. రాష్ట్రాల పశుసంవర్ధక శాఖల డైరెక్టర్లు, కళాశాలల అధిపతులు వంటివాళ్లను కేంద్రం నామినేట్ చేస్తుంది. అంటే బ్రిటన్ డాక్టర్లు చేజారుతుందని భయపడుతున్న పెత్తనం మన డాక్టర్లకు పూర్తిగా ఎప్పుడూ లేదు. మన దగ్గర బయటివాళ్లంటే జనం కాదు... ప్రభుత్వం!

మనుషుల డాక్టర్ల విషయంలో మన దేశమూ పెద్ద మలుపే తిరిగింది. భారత వైద్య మండలిని 2010లో కేంద్రం రద్దుచేసి పక్కనపెట్టింది. 2020 సెప్టెంబరులో దాని స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. ఎన్నికలతో నడిచిన మండలి పోయి, ప్రధానంగా నియామకాల మీద నడిచే కమిషన్ వచ్చిందన్నమాట. పశువైద్యుల చట్టం మాత్రం 1984 నాటిదే.

ఇక్కడా నర్సుల కథలాంటిది ఒకటుంది. మన పల్లెల్లో ఆవు ఎదకు వచ్చిందంటే ముందు ఫోను వెళ్లేది గోపాలమిత్రకే. బండి మీద వచ్చి, సూది వేసి, చూడి కట్టిందో లేదో మళ్లీ వచ్చి చూసేదీ అతనే. చట్టం ప్రకారం పశువైద్యం చేయాల్సింది రిజిస్టరులో ఉన్న డాక్టర్లే. డిప్లొమానో సర్టిఫికెట్టో ఉన్న సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చిన్నచిన్న సేవలు చేసేందుకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతించవచ్చు. ఆ రిజిస్టరులోకి రావాలంటే పశువైద్య డిగ్రీ ఉండాలి. మండలి ఎన్నికల్లో ఓటు ఆ రిజిస్టరులో ఉన్నవాళ్లకే. ఊళ్లో పాడి పశువులన్నీ పేరుపేరునా తెలిసిన గోపాలమిత్రకు ఆ ఓటు లేదు. ఆ పశువుల పాలమ్ముకుని బతికే రైతుకూ లేదు.